కార్ల్స్‌బాడ్ ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మా మామయ్య తెనాలిలో తెలుగు పండితుడిగా రిటైరై, ఈ మే నెలలో విజిటర్ వీసా మీద డాలస్ వచ్చాడు. ఆగస్టులో ఆయన్నీ అత్తయ్యనీ న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ కేవర్న్స్ నేషనల్ పార్కుకి తీసుకెళ్దామని వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలైంది. మూడు కుటుంబాలు, పదకొండుమంది మనుషులు, వారంలో నూట నలభై మెసేజీలు. ఒకరాత్రి మామయ్యకి విసుగొచ్చి, ఆ మొత్తాన్నీ పిండి ఒక ఆటవెలదిగా గ్రూపులో పడేశాడు:

ముందె చీటి కొనుము ముప్పది దినములు
చలికి కోటు వలయు చాలు నీళ్లు
దిగుట కాళ్లతోడ తిరిగెక్కు లిఫ్టుతో
గబ్బిలాలు లేచు కనుము సంజ

నిమిషంలో ఏడు బొటనవేళ్లు, నాలుగు నమస్కారాలు వచ్చాయి. ఒక్కరికీ అర్థం కాలేదని మర్నాడు తేలింది. మరదలి కొడుకైతే "తాతయ్యా, ఇది మంత్రమా?" అని అడిగాడు. అంచేత ఈ టీక.

మల్లినాథసూరిది మెదకు సీమలోని కొలిచెలమ, ఇప్పటి కొల్చారం. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని ఆయన కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు. నేను అలాంటి ఒట్టేమీ పెట్టుకోవడం లేదు. రెండేళ్ల కిందట మేం అక్కడికి వెళ్లి చేసిన తప్పులే ఒక్కొక్కటీ ఒక్కొక్క పదమై ఈ పద్యంలో కూర్చున్నాయి. అవి చెప్పకపోతే పద్యం విప్పినట్టు కాదు.

ప్రతిపదార్థం

ముప్పది దినములు ముందె = ముప్పై రోజుల ముందుగానే; చీటి = రిజర్వేషన్; కొనుము = కొనుక్కో; చలికి = లోపలి చలికి; కోటు = కోటు; వలయు = కావాలి; నీళ్లు = మంచినీళ్లు; చాలు = చాలు; దిగుట = దిగడం; కాళ్లతోడ = నడిచి; తిరిగెక్కు = మళ్లీ పైకెక్కడం; లిఫ్టుతో = లిఫ్టులో; సంజ = సాయంసంధ్యలో; గబ్బిలాలు = గబ్బిలాలు; లేచు = లేస్తాయి; కనుము = చూడు.

తాత్పర్యం స్పష్టం. (కష్టమైన చోట "స్పష్టము" అని దాటేయడం వ్యాఖ్యాతల సంప్రదాయం.)

విశేషాలు

చీటి: "ముప్పది దినములు చీటి కొనుము" అని అన్వయించి, నెలకి సరిపడా టికెట్లు కొనాలా అని మా తమ్ముడు అడిగాడు. దూరాన్వయం పద్యకవుల జన్మహక్కు. "ముందె"ని లాక్కొచ్చి "దినములు" పక్కన కూర్చోబెట్టుకోవాలి. అసలు చిక్కు "చీటి" దగ్గరే ఉంది. గుహలోకి దిగాలంటే రెండు కావాలి. ఫలానా రోజు ఫలానా వేళకి దిగుతామని ఆన్‌లైన్‌లో చేసుకునే రిజర్వేషన్ ఒకటి. దాని ఖరీదు డాలరు. ప్రవేశ రుసుం రెండోది. అది వేరే కట్టాలి, లేదా వార్షిక పాసు చూపించాలి. డాలరు కట్టేశాం గదా అని మా తమ్ముడు పిల్లల్ని నేరుగా గుహ ముఖం దాకా నడిపించుకుపోయి, అందర్నీ మళ్లీ వెనక్కి తీసుకొచ్చాడు.

చీటీ మీద ఉన్న వేళ అక్కడి వేళ. డాలస్‌లో తొమ్మిదైతే కార్ల్స్‌బాడ్‌లో ఎనిమిది. ఈ గంట లాభం పోతూ వస్తుంది, వస్తూ పోతుంది. మామయ్య చేతి గడియారం తెనాలి కాలంలోనే ఉంటుంది గనక ఆయనకీ గొడవ లేదు.

ఊరి పేరు చెప్పకపోవడం పద్యంలో పెద్ద దోషం. చెప్పినా సగమే తీరేది. అమెరికాలో పేరున్న కార్ల్స్‌బాడ్‌లు రెండున్నాయి, ఒకటి న్యూ మెక్సికోలో, ఇంకొకటి కాలిఫోర్నియా సముద్రం ఒడ్డున. న్యూ మెక్సికో ఊరిని మొదట ఎడ్డీ అనేవారు. 1899లో బొహీమియాలోని కార్ల్స్‌బాడ్ స్నానాల ఊరి పేరు అరువు తెచ్చుకున్నారు. ఈ చరిత్ర నాకెలా తెలిసిందంటే, మొదటిసారి హోటలు నేనే బుక్ చేశాను. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని రాసి ఉంటే ఎడారిలో అదెంత అదృష్టమో అనుకున్నాను. డబ్బు తిరిగి రాలేదు. పార్కులో బసకి గది దొరకదు కాబట్టి ఊళ్లో గానీ, పార్కు రోడ్డు మొదట్లో ఉన్న వైట్స్ సిటీలో గానీ దిగాలి.

చలికి కోటు: మామయ్య ఒకప్పుడు స్కూలు పిల్లల్ని బెలూం గుహలకి విహారయాత్ర తీసుకెళ్లినవాడు. గుహ అంటే చెమట అని ఆయన సిద్ధాంతం. ఇక్కడ పైన చివావాన్ ఎడారి ఎండ మాడుస్తుంటే లోపల ఏడాది పొడవునా 13 డిగ్రీల సెల్సియస్. "కోటు" అన్నది కవి పాఠం. అత్తయ్య పాఠాంతరం "చలికి శాలు వలయు". కోటూ గలమే, శాలూ గలమే, గణం చెడదు. పైగా శాలు, చాలు అని చెవికి ఇంపు. పరిష్కర్తగా నా ఓటు అత్తయ్యకే. అయితే వేరే గుహలో వేసుకున్న చెప్పులూ బట్టలూ ఇందులోకి తేకూడదు. గబ్బిలాలకి ముక్కు మీద తెల్లగా బూజు పట్టి చంపే జబ్బొకటి అమెరికాలో పాకుతోంది. ఆ బూజు మన చెప్పులకి అంటుకుని ప్రయాణం చేస్తుంది.

చాలు నీళ్లు: ఇది శ్లేష. గుహలోకి తినేవేవీ తీసుకెళ్లకూడదు, మంచినీళ్లు మాత్రం చాలు అన్నది ఒక అర్థం. పైన ఎడారిలో తిరిగేటప్పుడు చాలినన్ని నీళ్లు ఉంచుకో అన్నది రెండో అర్థం. ఒక్క మాటతో కిందికీ మీదికీ సరిపెట్టాడు మామయ్య. జంతికల డబ్బా కూడా కూడదా అని అత్తయ్య అడిగింది. దీనికి దృష్టాంతం: 2024లో ఎవరో గుహలోని పెద్ద గదిలో, దారికి అవతల, చీటోస్ పొట్లం పడేసుకుపోయారు. లోపలి తేమకి అది మెత్తబడి బూజు పట్టింది. పురుగులు, కీచురాళ్లు, సాలీళ్లు చేరి, ఆ తిండిని చుట్టుపక్కల రాళ్ల దాకా మోసుకెళ్లాయి. రేంజర్లు ఇరవై నిమిషాలు కూర్చుని ఏరి తుడవాల్సివచ్చింది. చీటి కొన్నవాడే చీటోస్ పారేశాడు. జంతికలు కారులోనే.

ఇక్కడొక ఆక్షేపణ. బొర్రా గుహలంటే గోస్తనీ నది ఉంది, నీరు రాతిని తిన్నదంటే నమ్ముతాం. నీళ్లే లేని ఎడారిలో ఇంత గుహ ఎవరు తవ్వారు? సమాధానం: సుమారు 26 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. ఇప్పుడు గ్వాడలూప్ కొండలంటున్నవి ఆ సముద్రపు ఒడ్డున పెరిగిన సున్నపురాతి దిబ్బ. కింద చమురు నిల్వల్లోంచి కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకొచ్చి, పైనుంచి దిగిన నీళ్లతో కలిసి గంధకామ్లమైంది. అది రాతిని కరిగించింది. వానచినుకు ఓపిగ్గా నాకితే పుట్టిన గుహ కాదిది, యాసిడ్ పోసి తొలిచిన గుహ. డాలస్ నుంచి వెళ్తుంటే దారి పొడవునా పొలాల్లో తల ఊపుతూ కనిపించే చమురు పంపులు ఆ బంధువర్గమే.

దిగుట కాళ్లతోడ: సహజ ముఖం నుంచి వంకరలు తిరుగుతూ మైలుంపావు దారి, 750 అడుగుల దిగుడు. మోకాళ్లున్నవాళ్లకి, అంటే వాటి ఉనికి తెలియనివాళ్లకి, ఇది మంచి దారి. అత్తయ్య రెండువైపులా లిఫ్టే. అడుగున ఉన్న పెద్ద గది వైశాల్యం ఎనిమిదెకరాల పైచిలుకు. దాని చుట్టూ మళ్లీ మైలుంపావు. దారిలో అద్దాల మడుగు అని ఒకటుంది. దాని పేరు బల్ల మీద తలకిందులుగా రాశారు. నీళ్లలో నీడ చూసి చదువుకోవాలి. చిత్రకవిత్వం మనకొక్కరికే చేతనవునని అనుకోకూడదు.

తిరిగెక్కు: క్త్వార్థపు ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి శాసనం. "తిరిగి యెక్కు" అనాలి. నలభై ఏళ్లు ఆ సూత్రం తప్పిన పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి, డాలస్ వచ్చి తానే తప్పాడు. అడిగితే "లిఫ్టు నిమిషంలో ఎక్కుతుందన్నావుగా, యడాగమం పెట్టే వ్యవధి ఏదీ?" అన్నాడు. లిఫ్టు 1932 నాటిది. అంతకుముందు సంగతి ఇంకా బాగుంటుంది: గుహలోంచి గబ్బిలాల రెట్టని ఎరువు కోసం తోడేవారు, మొదట్లో చూడవచ్చినవాళ్లని కూడా ఆ రెట్ట బాల్చీలోనే దించి, అందులోనే లాగారు. "లిఫ్టుతో"కి చారిత్రక పాఠాంతరం "బాల్చితో". గణం ఇక్కడా చెడదు.

గబ్బిలాలు: ఈ పద్యానికి ప్రాణం నాలుగో పాదం. 1898 ప్రాంతంలో జిమ్ వైట్ అనే పశువుల కాపరి కుర్రవాడు, సాయంత్రం కొండల మీద నల్లగా పొగ లేవడం చూశాడు. పొగ ఉన్నచోట నిప్పుంటుందని మన తర్కశాస్త్రం. దగ్గరికి వెళ్తే నిప్పు లేదు. నేలలో బిలం, అందులోంచి లక్షల గబ్బిలాలు. మంచుని చూసి పొగనుకోవడం హేత్వాభాసమని తార్కికులు ఉదాహరణ ఇస్తారు. వాళ్లకి ఈ కుర్రవాడు తెలిసుంటే మంచు జోలికి పోయేవారు కారు.

నిప్పు తర్వాత వచ్చింది. తెలుగువాడికి గబ్బిలమంటే జాషువా కావ్యం. గుడిలోకి దళితుడికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందని, ఆయన 1941లో దాని చేత శివుడికి కబురు పంపాడు. అదే ఏడాది డిసెంబరులో లైటిల్ ఆడమ్స్ అనే అమెరికన్ పళ్ల డాక్టరు ఈ కార్ల్స్‌బాడ్ గబ్బిలాల్ని చూసి తిరిగెళ్తూ, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి వార్త విన్నాడు. గబ్బిలానికి బుల్లి నిప్పుబాంబు కట్టి జపాన్ చెక్క ఇళ్ల మీద వదిలితే ఎలా ఉంటుందని ఆయనకి తోచింది. సైన్యం నిజంగానే ప్రయత్నించింది. 1943లో కార్ల్స్‌బాడ్ దగ్గర పరీక్ష చేస్తుంటే, కొన్ని గబ్బిలాలు తప్పించుకుపోయి సైన్యం వారి కొత్త విమానాశ్రయాన్నే తగలబెట్టాయి. జిమ్ వైట్ చూసిన పొగకి నలభై అయిదేళ్లు ఆలస్యంగా నిప్పు దొరికింది, తర్కం నిలబడింది. ఒకే ఏడాది ఒకే ప్రాణికి ఒకరు కబురిచ్చారు, ఒకరు బాంబిచ్చారు. కబురు ఎనభై ఏళ్లు దాటినా ఇంకా చదువుతున్నాం.

లేచు: ఏ నెలల్లో లేచు? కవి చెప్పలేదు. అది తెలియకే రెండేళ్ల కిందట మేం నష్టపోయాం. మేం వెళ్లింది నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ సెలవులకి. చీకటిపడే దాకా చలిలో రాతిమెట్ల మీద కూర్చున్నాం. అటువైపు వెళ్తున్న రేంజరమ్మ ఆగి, అవి మెక్సికో వెళ్లిపోయాయని మెల్లిగా చెప్పింది. మే చివరి నుంచి అక్టోబరు దాకానే ఉంటాయి. "వాటికి వీసా అక్కర్లేదు కాబోలు" అన్నాడు మామయ్య ఇది విని. లేచేటప్పుడు అప్రదక్షిణంగా సుడి తిరుగుతాయట. తలకిందులుగా బతికే జీవికి అదే ప్రదక్షిణం అయ్యుండాలి.

కనుము: చూడమన్నాడు గాని తీయమనలేదు. గబ్బిలాలు లేచేవేళ అక్కడ ఫోన్లు, కెమెరాలు నిషేధం. వాటి చప్పుడూ వెలుగూ ఆ ప్రాణులకి పడవు.

ధ్వని: ఇన్ని చెప్పిన కవి, పద్యంలో "గుహ" అన్న మాట ఎక్కడా వాడలేదు. "ఎడారి" అనీ అనలేదు. చలి వల్ల గుహ, నీళ్ల వల్ల ఎడారి స్ఫురిస్తున్నాయి. చెప్పకుండా తోపింపజేసేదే ఉత్తమ కావ్యమని ఆనందవర్ధనుడి మతం. నేల మీద నిలబడ్డవాడికి గుహ కనిపించదు గనక పద్యంలోనూ కనిపించలేదని నేను వ్యాఖ్యానించాను. ఇది నా టీకలోకెల్లా గొప్ప భాగమని మామయ్యకి చదివి వినిపించాను.

"ధ్వనీ లేదు, గినీ లేదురా," అన్నాడు ఆయన. "ఎక్కడ ఇరికించినా యతి చెడింది. వదిలేశాను."

ఆగస్టు చీటీలు కొన్నాం. హోటలు ఈసారి మరదలు బుక్ చేసింది.