ఇరవై ఆరో కిలో

"పాతిక కిలోల బస్తా వద్దు మాస్టారూ, ఇరవై ఆరుది పట్టుకెళ్లండి. టాక్సు పడదు" అన్నాడు మా వీధి బియ్యం కొట్టాయన.

నా ఛాతీ ఉబ్బిపోయింది. 2022 జులై 18 నుంచి పాతిక కిలోల దాకా లేబులేసి కట్టిన బియ్యం బస్తా మీద 5 శాతం జీఎస్టీ. పాతిక దాటితే లేదు. కోటీశ్వరులకు చార్టర్డ్ అకౌంటెంట్లుంటారు, నాకు బియ్యం కొట్టాయన ఉన్నాడు. జీవితంలో నేను చేసిన టాక్స్ ప్లానింగంతా ఆ ఇరవై ఆరో కిలోయే. మూడో అంతస్తు దాకా మోసేసరికి నడుం పట్టేసింది, అది వేరే సంగతి.

అయినా తప్పు నాదే. బంగారం మీద జీఎస్టీ 3 శాతం. సానబట్టిన వజ్రాల మీద ఒకటిన్నరే. రెండు పూటలా వజ్రాలు వండుకుంటే ఎంత మిగిలేది!

పెద్దవాళ్ల కష్టం మనకేం తెలుసు? వాళ్లకు ఆస్తి ఉంటుంది గానీ, పాపం, ఆదాయం ఉండదు. షేర్ల విలువ వంద కోట్లు పెరిగినా, అమ్మేదాకా పన్ను లేదు. ఖర్చులకు కావాలంటే వాటినే తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటారు. అప్పు ఆదాయం కాదు కదా! ఏడాది దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం. నా జీతమైతే స్లాబులెక్కి 30 దాకా పోగలదు. అదీ నా చేతికి రాకముందే టీడీఎస్ కత్తెర పడుతుంది.

తాత ఆస్తి మనవడికి చేరేటప్పుడు పన్ను వేయాలని 1953లో ఎస్టేట్ డ్యూటీ తెచ్చారు. రాబడి 20 కోట్లే, వసూలు ఖర్చెక్కువ అని 1985లో ఎత్తేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్లో అరుణ్ జైట్లీ సాగనంపారు. వచ్చేది 1,008 కోట్లే, ఖర్చెక్కువ అని మళ్లీ అదే మాట. బదులుగా కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం సర్‌చార్జి అదనంగా వేశారు. ఆదాయం కనిపిస్తే కదా! ఇంతమంది కుబేరులున్న దేశంలో అంతే వసూలైందంటే లోపం పన్నుదా, వసూలు చేసేవాళ్లదా అని అడగడం అమర్యాద. నేనూ మూడేళ్లు కొళాయి బిల్లు ఎగ్గొట్టి చూస్తాను. వసూలు కావడం లేదని మున్సిపాలిటీ బిల్లే రద్దు చేస్తుందేమో! చేయదు. గొట్టం కోస్తుంది.

2019 సెప్టెంబరులో మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. కొత్త ఫ్యాక్టరీలకు 15. ఈ రాయితీలతో 1.45 లక్షల కోట్లు పోతాయని ప్రభుత్వమే లెక్క చెప్పింది. వెయ్యి కోట్లు వసూలు చేస్తే దండగ, లక్షా నలభై ఐదు వేల కోట్లు వదిలేస్తే అభివృద్ధి. ఇది అర్థం కానివాడు ఎకనామిక్స్ చదవనట్టే.

ఇక రైతన్నలు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు. రెండెకరాల రైతు మీద ఉండకూడదు కూడా. మరి హైదరాబాద్ చుట్టూ ఈతకొలను, నాలుగు మామిడి మొక్కలు, గేటు దగ్గర రెండు కుక్కలు ఉన్న ఫాంహౌసుల్లో ఏ పంట అంత విరగపండుతుందో? వానలు మొహం చాటేసినా దిగుబడి తగ్గదు. విత్తనం నల్లది, పంట తెల్లది.

"దేశంలో పన్ను కట్టేది గుప్పెడు మందే, మిగతావాళ్లు కూర్చుని తింటున్నారు" అని టీవీల్లో ఒక వాదన. ఒంటిసబ్బు కొన్న ఉపాధి కూలీ కూడా పన్ను కట్టే ఇంటికెళుతోంది. ఆమెకు రీఫండు లేదు, సన్మానం లేదు.

అమాత్యులకు ఒక్కటే మనవి. వసూలు కాని పన్నులు రద్దు చేసింది చాలు. వసూలవుతున్న పన్ను ఎవరి జేబులోంచి వస్తోందో ఓసారి చూడండి. కమిటీ వేయక్కర్లేదు, కిరాణా కొట్టు రసీదు చాలు.