టీకొట్టు గోరింక

లారీ హారన్లు నాకు మూడు రకాలు వచ్చు. "అన్నా, టీ తాగిపో" అని తెలుగులోనూ, "గరం చాయ్" అని హిందీలోనూ పిలుస్తాను. సుక్మా నుంచి కోంటాకు దిగే 30వ నంబరు జాతీయ రహదారి మీద, ఎర్రబోరులో ఒక టీకొట్టు చూరుకు వేలాడే పంజరం నాది. ఇక్కడివాళ్ల దోర్లీ మాటలూ కొన్ని పట్టుబడ్డాయి గానీ వాటితో షావుకారికి పని లేదు. గిరాకీ అంతా డ్రైవర్లదే.

నేను కొండ గోరింకను. నల్లటి నిగనిగల ఒళ్లు, నారింజ రంగు ముక్కు, మెడ వెనక పసుపుపచ్చని తోలు మడతలు, రెక్కలో తెల్ల మచ్చ. ఛత్తీస్‌గఢ్‌కు రాష్ట్ర పక్షిని. నన్ను పట్టడం, అమ్మడం, పెంచడం, మూడూ నేరాలే. షావుకారికి ఆ సంగతి బాగా తెలుసు. ఖాకీ చొక్కా కనపడగానే పంజరం మీద గోనెపట్టా పడుతుంది.

నేను పుట్టింది కాంగేర్ లోయ వైపు, గుగ్గిలం చెట్ల అడవిలో. అక్కడ 200 చదరపు కిలోమీటర్ల అడవిని 1982లో జాతీయ పార్కు చేశారు. మా చెట్టు ఆ హద్దుకు ఇవతల పడింది. మాకు గూడు అల్లడం రాదు. ముసలి మానుకు వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్ర దొరికితే రెండో మూడో గుడ్లు పెడతాం. అలాంటి తొర్ర కావాలంటే చెట్టు కొంత పుచ్చాలి, అంతవరకూ దాన్ని ఎవరూ కట్టెలకు కొట్టకూడదు. అడవిని కలప లెక్కన చూసేవాళ్లకు పుచ్చుమాను దండగ. పిల్లల కోసం వచ్చినవాడు అంతెత్తు ఎక్కలేకపోతే మానునే కూలుస్తాడు. మా తొర్ర అలాగే నేలకు దిగింది. మూడు పిల్లల్లో ఒకటి ఆ దెబ్బకే పోయింది. మరుసటి ఏడు మా అమ్మానాన్నలు ఎక్కడ గుడ్లు పెట్టారో, అసలు పెట్టారో లేదో.

గోరింక అడవిలో కూడా నానా పిట్టలనూ అనుకరిస్తుందని జనం నమ్మకం. అదేం లేదు. బ్రయన్ బెర్‌ట్రామ్ అనే ఆయన మా కూతలను అధ్యయనం చేసి 1970లో అచ్చువేశారు. చిన్నప్పుడు ఇరుగుపొరుగు గోరింకల దగ్గర, మగది మగవాటి నుంచి, ఆడది ఆడవాటి నుంచి, కూతలు నేర్చుకుంటాం. ఒక్కొక్కరికి 3 నుంచి 13 దాకా ఉంటాయి. 15 కిలోమీటర్లు దాటితే ఒక్క కూతా కలవదు. పంజరంలో పెరిగే పిల్లకు పొరుగు గోరింక ఉండదు కాబట్టి చెవిన పడ్డదల్లా పాఠమే. అందుకే ఈ హారన్.

ముప్పులో ఉన్న జాతుల ప్రపంచ పట్టికలో కొండ గోరింకకు ఇప్పట్లో ముప్పు లేదని రాసి ఉంటుంది. హిమాలయాల దిగువ నుంచి ఇండోనేసియా దాకా ఉన్నాం కదా! బస్తర్‌లోనూ ఆనుకుని ఉన్న ఒడిశా, ఆంధ్ర కొండల్లోనూ బతికే మా శాఖ వేరు. అది పోయినా పట్టికలో గళ్లు అలాగే ఉండొచ్చు. ఒక కొండ మీద కూత ఆగిపోయినా, 15 కిలోమీటర్ల అవతలి కొండకు ఆ కూత ఎప్పుడూ తెలియదు కనుక లోటూ తెలియదు.

జగదల్‌పూర్‌లో పెద్ద పంజరం కట్టి మాకు సంతతి కలిగించాలని ఏళ్ల తరబడి చూశారు. మాలో ఆడా మగా పైకి ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తేల్చుకోవడమే కష్టమైంది, పిల్లలు కాలేదు. రాష్ట్ర జంతువైన అడవి గేదెదీ ఇదే వరస. ఊరి మందలు అడవిలో మేస్తే వాటి రోగాలు అంటుకుంటాయి, ఊరి పోతులతో సంకరమై జాతీ మారిపోతుంది. ఉదంతి అభయారణ్యంలో చివరికి 'ఆశ' అనే ఆడది ఒక్కటే మిగిలితే, దాని కణాల నుంచి కర్నాల్‌లో 2014 డిసెంబరులో క్లోన్ దూడను పుట్టించారు. ఇక్కడ రాష్ట్ర చిహ్నంగా ఎంపికవడం అంత శుభశకునంగా నాకు తోచదు.

ఇంద్రావతి అడవుల్లో మిగిలిన అడవి గేదెలు ఎన్ని అని అడిగితే కొట్టు దగ్గర పెద్దలు మాట మారుస్తారు. 2006 జులైలో ఇదే ఊళ్లో, మావోయిస్టుల దాడిలో, ఊళ్లు వదిలొచ్చినవాళ్ల శిబిరం తగలబడి ముప్పై మందికి పైగా చనిపోయారు. మనుషులే ఊళ్లు వదిలి చెల్లాచెదురైన ఆ ఏళ్లలో గేదెలను లెక్కపెట్టడానికి లోపలికి ఎవరు వెళ్తారు?

కాంగేర్ చుట్టుపక్కల కుర్రాళ్లకు ఇప్పుడు 'మైనా మిత్ర' అని పేరుపెట్టి మమ్మల్ని కనిపెట్టి ఉండే పని ఇచ్చారు. ఉండేలు దెబ్బలు తగ్గాయట, మావాళ్లు మళ్లీ కనపడుతున్నారట. జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చే బండ్లవాళ్ల కబుర్లు ఇవి.

మొన్న ఒక డ్రైవరన్న నా హారన్ విని పొట్టపట్టుకుని నవ్వాడు. వాళ్ల పాపకు ఇలాంటిది ఒకటి కావాలన్నాడు. "తొర్రల్లో పిల్లలయ్యే కాలం రానీ అన్నా" అని షావుకారు ఒక ధర చెప్పాడు. రెండో టీ అయ్యేసరికి బేరం సగానికి తెగింది.