టవర్ ప్రకటనల పెద్దమనిషికి నల్లచెరువు నుంచి

అయ్యా టవర్ ప్రకటనల పెద్దమనిషీ,

నీ పేరు తెలీదు, ఊరు తెలీదు. జిల్లా పేజీలో నీ ఫోన్ నంబర్లు మాత్రం చాలాసార్లు చూశా. వారం తిరక్కముందే అవి మారిపోతుంటాయి. అందుకే ఈ ఉత్తరం పేపర్‌కే రాస్తున్నా. నువ్వు తప్పకుండా చూసుకునే పేజీ అదొక్కటే గదా.

నీ ప్రకటన మాకు నోటికొచ్చు. మీ ఖాళీ స్థలంలోగానీ, పొలంలోగానీ, మేడ మీదగానీ 5జీ టవర్ పెట్టించుకోండి, అడ్వాన్సు 40 లక్షలు, నెలకు అద్దె 35 వేలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, 20 ఏళ్ల అగ్రిమెంటు. కింద ఒక సెల్ నంబరు. చిరునామా మాత్రం ఎక్కడా ఉండదు. లక్షల మీద లక్షలు పంచిపెట్టే కంపెనీకి ఒక గది, గదికొక డోరు నంబరు లేకపోవడమేంటని ఎవరూ అడగరనే నీ ధైర్యం.

ఆ చిన్న ప్రకటనల గళ్లలో నీ ఇరుగుపొరుగు ఎవరో ఎప్పుడన్నా చదివినావా? నీకు పైన ధర్మవరం ఆయన జాకార్డుతో సహా మగ్గం అమ్ముతానంటాడు. పట్టుచీర నేత గిట్టకనే అమ్ముతున్నాడని ఆ రెండు లైన్లలో రాయలేదుగానీ, చదివినవాళ్లకు తెలుస్తుంది. కింద హిందూపురంలో మెయిన్ రోడ్డు మీద షాపు అద్దెకు. పక్కన పెనుకొండ పిల్లవాడు బస్సులో టెన్త్ మార్కుల మెమో పోగొట్టుకున్నాడు. ఆ కిందే వకీలు నోటీసు: ఫలానా సర్వే నంబర్లో ఇన్ని సెంట్లు మా క్లయింటు కొనదలిచినారు, అభ్యంతరం ఉన్నవాళ్లు ఏడు రోజుల్లో తెలపవలెను.

మగ్గం కావాలంటే పోయి చూడొచ్చు. షాపు తాళం తీసి చూపిస్తారు. మెమో సంగతి ఇంకా గట్టిది: డూప్లికేట్‌కు పెట్టే అర్జీకి పోలీసుల కాగితంతో పాటు పేపర్ కటింగ్ కూడా జత చేస్తుంటారు. పేరు మార్చుకోవాలన్నా అంతే, అఫిడవిట్, కటింగ్, ఆపైన గెజిట్. ఆఫీసులో గుమాస్తా కటింగ్ ఏదంటాడు. భూమి తగాదా వస్తే వకీలూ అదే అడుగుతాడు. ఇన్నేళ్లుగా కత్తెరతో ఆ ముక్క కోసి, తెల్లకాగితం మీద అతికించి, పాసుపుస్తకం అట్టలో దాచుకున్న రైతుకు 'పేపర్లో పడింది' అంటే ఎవరో పెద్దవాళ్లు చూసి సరే అన్నట్టే. ఆయన దగ్గర నువ్వు మొట్టమొదట కాజేసింది ఆ నమ్మకాన్ని. డబ్బు తర్వాత సంగతి.

ఆ నమ్మకానికి వయసుంది. 1780లో కలకత్తాలో హికీ పెట్టిన మన దేశపు తొలి పేపర్ పేరులోనే 'అడ్వర్టైజర్' అని ఉంటుంది. లండన్ టైమ్స్ అంతటి పేపర్ 1966 మే 3న గానీ మొదటి పేజీలో వార్తలు వేయలేదు, అప్పటిదాకా అక్కడ కూర్చున్నవి చిన్న ప్రకటనలే. మన దగ్గరికొస్తే, 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లాకొక చిన్న పేపర్ జత చేయడం మొదలుపెట్టాకే కదిరి ఎరువుల అంగడికి, ధర్మవరం మగ్గానికి ప్రకటన వేసుకునే స్తోమతు వచ్చింది. రాష్ట్రమంతా వేసి డబ్బు తగలేయకుండా, ఎవరికి కావాలో వాళ్లకే చేరే దారి అది. తక్కిన పేపర్లూ అదే దారి పట్టాయి. 2022 ఏప్రిల్ 4న మా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. పేజీ పేరు మారింది, మా మెమోలు, మగ్గాలు, ఎనుములు మారలేదు.

నీ రెండో తెలివి మా నేలను ఎంచుకోవడం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే సీమ ఇది. చెనక్కాయ వేస్తే సరిగ్గా ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తుంది. టమాటా మదనపల్లె మార్కెట్‌కు తోలితే బండి బాడుగ కూడా రాని రోజులుంటాయి. ఇట్లాంటి భూమికి కంపెనీ వెతుక్కుంటూ వచ్చి డబ్బిస్తుందంటే జనం నవ్వాలి. నవ్వరు, ఎందుకంటే కంపెనీలు నిజంగానే వచ్చినాయి. రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు లేచినాయి. మాకు దగ్గర్లోని నంబులపూలకుంటలో 1,500 మెగావాట్లని సోలార్ పార్కు తలపెట్టినారు, 2016లో కరెంటు కూడా పుట్టింది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు బయటికొచ్చినాయి. గడ్డి సరిగా మొలవని చోట అద్దాల పలకలు పరుచుకోవడం కళ్లారా చూసినవాడికి తన రెండెకరాల మూలలో ఒక ఇనుప స్తంభం లేస్తుందంటే అబద్ధంగా తోచదు. పల్లెవాళ్లు ఆశపోతులై పడ్డారని బెంగళూరులో కూర్చుని అనేవాళ్లున్నారు, వాళ్లు ఈ దారిన ఒకసారి రావాలి. అక్కడా అపార్ట్‌మెంటు మేడ మీద టవరని నీకు డబ్బు కట్టిన చదువుకున్నోళ్లు లేరా ఏంటి?

నీ పనితనం ఎట్లుంటుందో చూద్దామని నేనే ఫోన్ చేశా. ఎత్తింది ఒకమ్మాయి. మర్యాదగా మాట్లాడింది, మంచి తెలుగు.

"సార్, మీ స్థలం ఎక్కడ?"

"నల్లచెరువు."

"ఎంతుంది సార్?"

"చాలా ఉందమ్మా. ఒక పక్కంతా కట్ట కూడా ఉంది. నట్టనడుమ పెట్టుకోవచ్చు."

"రికార్డులు క్లియర్‌గా ఉన్నాయా?"

"సర్కారు రికార్డుల్లోనే ఉంది."

"రోడ్డు సౌకర్యం ఉందా సార్?"

"కట్ట మీద దారుంది. వానలు పడితే మాత్రం నీళ్లు నిలుస్తాయి, నిలువులోతు."

"ప్రాబ్లమ్ లేదు సార్, మా ఇంజినీర్లు చూసుకుంటారు. ఫొటో వాట్సాప్ చేయండి."

ఊరి చెరువు ఫొటో తీసి పంపించా. నీళ్లు బాగానే ఉన్నాయి, రెండు కొంగలు కూడా పడ్డాయి ఫొటోలో. మరుసటి రోజు పొద్దున్నే నాకు లెటరొచ్చింది. పైన మూడు సింహాలు, పక్కన ట్రాయ్ పేరు, కింద గుండ్రటి ముద్ర, ముద్ర మీద పచ్చసిరాతో సంతకం. శాటిలైట్ సర్వేలో మీ స్థలం ఎంపికైంది, రిజిస్ట్రేషన్ ఫీజు 3,550 రూపాయలు సాయంత్రంలోగా కట్టాలి, లేకుంటే టవర్ పక్క ఊరికి పోతుంది. ఆకాశం నుంచి చూసిన శాటిలైట్‌కు నీళ్లు కనబడలేదు, కొంగలూ కనబడలేదు. ఇంట్లో ఒకరికి ఉద్యోగమన్నారే, మరి కొంగలకిస్తారా అని అడిగితే ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. అంతటితో నా నంబరు బ్లాకు.

నా సంగతి నవ్వులాటతో పోయింది. మిగతావాళ్ల దగ్గర నువ్వు ఆ 3,550తో ఆగవు. అది కట్టగానే అగ్రిమెంటు స్టాంపులకంటావు. తర్వాత ఎన్‌ఓసీ, తర్వాత ఇన్సూరెన్సు. ఆ తర్వాత 40 లక్షల చెక్కు ఫొటో పంపిస్తావు, దాని మీద రైతు పేరు ఇంటిపేరుతో సహా రాసి ఉంటుంది. అది కదలాలంటే జీఎస్టీ కట్టాలంటావు. ముందు కట్టింది పోతుందేమోనన్న భయమే మళ్లీ కట్టిస్తుందని నీకు బాగా తెలుసు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పొలం 1-బి కాగితం అన్నీ వాట్సాప్‌లో నీ దగ్గరికే చేరి ఉంటాయి, వాటితో ఇంకేం చేస్తావో అది వేరే కథ. ఇంట్లో బంగారం కుదువ పెట్టి కట్టినవాడు చివరికి నోరు మూసుకుంటాడు. పెండ్లానికి చెప్పలేడు, స్టేషన్‌కు పోతే నవ్వుతారని పోడు. సిమ్‌లు ఎన్ని మార్చినా నీకు దొరకనంత కాపలా ఆ సిగ్గే కాస్తోంది.

నీ లెటర్లో పేరు వాడుకున్న ట్రాయ్ 1997లో పుట్టిన నియంత్రణ సంస్థ. టవర్ కోసం స్థలం అద్దెకు తీసుకునే వ్యవహారంలో దానికిగానీ, టెలికాం శాఖకుగానీ ఏ ప్రమేయమూ లేదు. అవి ఎన్‌ఓసీ ఇవ్వవు, ఫీజు తీసుకోవు, పన్ను వసూలు చేయవు. ఈ మాట ఆ రెండూ పేపర్లలోనే ఎన్నోసార్లు ప్రకటించుకున్నాయి. నిజమైన టవర్ కంపెనీ పని వేరేగా ఉంటుంది. సిగ్నల్ ఎక్కడ తక్కువుందో వాళ్ల ఇంజినీర్లే లెక్క తీసి, ఆ చుట్టుపక్కల స్థలం వాళ్లే వెతుక్కుంటారు. మనిషి వస్తాడు, పొలంలో నిలబడి చూస్తాడు. పల్లెలో అద్దె నువ్వు చెప్పేంత లావుగా కూడా ఉండదు.

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, చూసినావా? నిన్ను నోరారా ఫోర్‌ట్వంటీ అనేందుకు కూడా లేకుండా పోయింది, ఇప్పుడది 318. జైలు మాత్రం పాతదే, నాలుగో ఉపసెక్షన్ కింద ఏడేళ్ల దాకా.

పేపర్ వాళ్లకూ ఒక మాట చెప్పాలి, నువ్వూ విను. మా ఊళ్లో ఎనుము అమ్మకానికని ప్రకటన ఇచ్చే రైతు ఎవరో విలేకరికి తెలుసు. ఎనుము తన్నేదైతే కొన్నవాడు నేరుగా ఆ ఇంటికే పోయి అడుగుతాడు. నువ్వేమో ఎక్కడో కూర్చుని ఏజెన్సీకి డబ్బు పంపుతావు, ఎన్నో జిల్లాల్లో ఒకేసారి అచ్చవుతావు. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో గమనిక ఉంటుంది, ప్రకటనల్లోని వివరాలకు పత్రిక బాధ్యత వహించదని. అది కళ్లజోడు పెట్టుకున్నా ఆనదు. ప్రెస్ కౌన్సిల్ నియమాల ప్రకారం పేపర్లో వచ్చే ప్రతిదానికీ, ప్రకటనలతో సహా, ఎడిటర్‌దే బాధ్యత. బాధ్యత వద్దనుకుంటే ఆ మాట ముందే స్పష్టంగా చెప్పుకోవాలి. చీమ తలకాయ గమనిక ఆ సందులో బతుకుతోంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా పెట్టిందిగానీ, రోజువారీ వ్యాపారంలో భాగంగా అచ్చేసినవాళ్లకు మినహాయింపూ ఇచ్చింది. చట్టం వదిలేసినా నాకు వదలబుద్ధి కాదు. పై పేజీలో 'టవర్ పేరిట టోకరా' అని వార్త వేసి లోపలి పేజీలో టవర్ ప్రకటనకు డబ్బు తీసుకునే పేపర్ తన వార్తను తానే చదవడంలేదనుకోవాలి. ఎనుము రైతు ఎవరో తెలిసినట్టే నువ్వెవరో తెలిసేలా నీ ఆధార్, చిరునామా, కంపెనీ కాగితం అడిగితే చాలు, సగం బెడద అక్కడే తెగుతుంది.

నీ అన్నదమ్ములు కూడా ఆ గళ్లలోనే కాపురముంటారు. ఇంటి దగ్గరే పెన్సిళ్ల ప్యాకింగ్, నెలకు 30 వేలు. ఆధార్ చాలు, గంటలో లోన్. కార్ల ఫ్యాక్టరీలో పర్మినెంటు ఉద్యోగం, ముందు డిపాజిట్. కువైట్‌లో ఇంటిపనికి ఆడవాళ్లు కావలెను, వీసా ఉచితం. ఈ చివరిది చూస్తే నాకు నవ్వు రాదు. 1983 వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు నంబరు లేకుండా అట్లాంటి ప్రకటన అసలు అచ్చే కాకూడదు. కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన ఆడబిడ్డలు ఎంతమందో, ఏ బాధలు పడినారో ఆ పేజీ పేర్చేవాళ్లకు తెలియంది కాదు.

మీ అందరి పుణ్యమా అని ఇప్పుడు మగ్గం ఆయన నంబరుకు ఫోన్ చేయాలన్నా జనం జంకుతున్నారు. బ్రోకరుకు కమీషన్ ఇచ్చుకోలేనివాడికి ఉన్న ఒకే ఒక్క అంగడి ఆ నాలుగు లైన్లు. ఇంక ఆయన ఎక్కడికి పోవాలి? వాట్సాప్ గ్రూపులకు పొమ్మంటారు. అక్కడ నువ్వు ముందే పోయి కూర్చుని ఉంటావు.

చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పటికే ఈ పెద్దమనిషికి కట్టి ఉంటే సిగ్గు పక్కన పెట్టి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు బ్యాంకులో ఆపే వీలు అంత ఎక్కువ. ఇంకా కట్టలేదు, అనుమానం మాత్రమే ఉందంటే, సంచార్ సాథీ పోర్టల్లో చక్షు అనే చోట ఆ నంబరు రాసి పెట్టండి. ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ లెటర్లు చెరిపేయొద్దు. ప్రకటనను తేదీ, ఎడిషన్ పేరు కనబడేటట్టు కోసి దాచి పెట్టండి. డూప్లికేట్ మెమోకు పనికొచ్చే ఆ కటింగే ఎఫ్‌ఐఆర్‌కూ పనికొస్తుంది.

ఇట్లు,
నల్లచెరువు నుంచి ఒక పాఠకుడు