ఆడపెళ్ళివారి సర్వర్

ఆన్‌లైన్ కార్ల పందెంలో గెలిస్తే గెలిచినవాడి ప్రతిభ. ఓడితే హోస్టు తప్పు. పెళ్ళిలో సాంబారు చల్లారినా, ఫ్యాను తిరక్కపోయినా, వియ్యంకుడి పెదనాన్నగారికి దిండు గట్టిగా తగిలినా ఆడపెళ్ళివారే జవాబు చెప్పాలి కదా! సర్వర్ నడిపేవాడి హోదా సరిగ్గా అదే. కంప్యూటరు నాది, కరెంటు నాది, మాట పడటం కూడా నాదే.

హైదరాబాదులో నేను, విశాఖలో పిన్ని కొడుకు, బెంగళూరులో మేనల్లుడూ వాడి స్నేహితులూ, డాలస్‌లో అక్కయ్యగారి ఆయన. ఆట అసెట్టో కోర్సా. 2014లో ఇటలీ నుంచి వచ్చిన పాత ఆటే అయినా, స్టీరింగు పట్టుకుంటే ఇప్పటికీ చేతులు వదలవు. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకు మొదలుపెడతాం. వేసవిలో డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి పది. మొదటి మలుపు దాటకముందే బావ గొంతు: "ఏం బామ్మర్దీ, నీ సర్వర్ మళ్ళీ నిద్రపోతోందా?"

మోన్జా ట్రాక్ మీద స్టార్టింగ్ లైను దాటాక పొడుగాటి తిన్నని రోడ్డు, దాని చివర ఇరుకు మలుపు. అక్కడే మా కుటుంబ సంబంధాలు దెబ్బతింటాయి. 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 55 మీటర్లు దాటుతుంది. డాలస్ నుంచి సమాచారం నాకు చేరడానికి సెకనులో ఎనిమిదో వంతు పట్టిందనుకుందాం. ఈలోగా బావ కారు 7 మీటర్లు ముందుకెళ్ళిపోయింది. అంటే కారున్నర పొడవు. ఆ ఖాళీని నా కంప్యూటరు ఊహతో పూరిస్తుంది: ఇందాక ఇటు పోతున్నాడు, ఇంకా ఇటే పోతుంటాడని. తిన్నని రోడ్డు మీద ఈ జోస్యం ఫలిస్తుంది. బావ బ్రేకు తొక్కిన కబురు ఆలస్యంగా వస్తుంది కాబట్టి మలుపు దగ్గర తప్పుతుంది. నా తెరమీద ఆయన వెనకనుంచి వచ్చి నన్ను గుద్దుతాడు. ఆయన తెరమీద మర్యాదగా నా వెనకే ఆగి ఉంటాడు. ఇద్దరమూ దేవుడి మీద ప్రమాణం చేయగలం, ఇద్దరిదీ నిజమే. ఇలాంటి కేసుకు తీర్పు చెప్పగల జడ్జి ఇంకా పుట్టలేదు.

దూరం సంగతి తర్వాత, ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి. అందుకు నేను నమ్మే పరీక్ష ఒకటే: సొంత రూటరుకు పింగ్ కొట్టి చూడటం. అమెరికా దాకా ఎందుకు, పక్కగదిలో ఉన్న డబ్బాకు వెళ్ళిరావడానికే ఒకసారి 2 మిల్లీసెకన్లు, మరోసారి 80 పడుతుంటే నేరస్థుడు ఇంట్లోనే ఉన్నట్టు. మా ఇంట్లో వైఫై మీద అంతే. సాంబారు వేడిచేసే మైక్రోవేవ్ ఓవెనూ, వైఫైలోని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండూ ఒకే తరంగాల మీద బతుకుతాయి. ఇడ్లీలు ముఖ్యమా పందెమా అని మా ఆవిణ్ణి అడిగేంత ధైర్యం నాకు లేదు కాబట్టి గోడవెంట కేబుల్ లాగాను. పింగ్ 1 దగ్గర బుద్ధిగా కూర్చుంది.

అయినా ప్రతి ఆదివారం ఏదో ఒక క్షణాన కార్లన్నీ ఒక్కసారి ఆగి, ఒక్కసారి గెంతేవి. స్పీడ్ టెస్టు చూస్తే బ్రహ్మాండం. స్పీడ్ టెస్టు మాటను మాత్రం నమ్మకండి, లైను ఖాళీగా ఉన్నప్పుడు ఎవరి పింగయినా బాగానే ఉంటుంది. ఇక్కడ మా ఆవిడ ఫోను అన్నప్రాసన వీడియోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తోంది. రూటరు ఎవరినీ పొమ్మనదు, అందరినీ వరసలో నిలబెడుతుంది. బావ కారుకు వెళ్ళాల్సిన చిన్న ప్యాకెట్టు, పాయసం నాకుతున్న పిల్లాడి వీడియో వెనక పడిగాపులు కాస్తుంది. రూటరులో అప్‌లోడ్‌కు లైను వేగం కన్నా కాస్త తక్కువగా హద్దు పెట్టాక గెంతులు తగ్గాయి.

మేనల్లుడు ఇంకో ఆరుగురిని తెస్తానన్నాడు. ఒక్కొక్కరి కబురూ మిగతా అందరికీ పంపేది సర్వరే. ఆరు కార్లుంటే 30 కబుర్లు, పన్నెండయితే 132. జనం రెట్టింపు, చాకిరీ నాలుగింతల పైన. "మామయ్యా, సర్దుకుందాం" అన్నాడు. సర్దుకోవడం ఎప్పుడూ వడ్డించేవాడి వంతే.

ఇంత చేసినా బావ దూరాన్ని నేనేం చేయను? ఫైబరులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. డాలస్ 14 వేల కిలోమీటర్ల పైమాటే. కేబుల్ గీత గీసినట్టు తిన్నగా ఉన్నా రానుపోను 140 మిల్లీసెకన్లు తప్పదు, అసలు కేబుళ్ళేమో సముద్రాలన్నీ చుట్టుకుని వస్తాయి. ఈ లెక్క చెబితే, "అవన్నీ నాకెందుకు, మీ వైపేదో లోపం ఉంది" అన్నాడు.

అందుకని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సర్వర్ అద్దెకు తీసుకుందామన్నాను, అన్యాయం అందరికీ దాదాపు సమానంగా జరుగుతుందని. బావకు పౌరుషం వచ్చింది. ఈ వారం తానే హోస్టు చేస్తానన్నాడు.

చేశాడు. మొదటి మలుపులో నేను గడ్డిలోకి పోయాను. ఆయన సర్వరుకు పింగ్ కొట్టి చూడాలని కూడా అనిపించలేదు. మైకు నొక్కి, నిదానంగా, ఒక్కో అక్షరం రుచి చూస్తూ అన్నాను: "బావా, మీ వైపేదో లోపం ఉన్నట్టుంది."