దుప్పటొకటి చాలు: ఒక శిబిర వివాహ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం

ఆ.వె.
కొలను గట్టు మీద గుడిసెలలో పెండ్లి
చేతి పనులె మనకు సిరులు గాగ
దుప్పటొకటి చాలు తోడుగా మీరలు
వచ్చి యుండుఁ డిచట వలయు నాళ్లు

అవతారిక

అవతారిక అనగా పద్యం ఏ సందర్భంలో, ఎవరు, ఎవరితో పలికినదో తెలిపే పీఠిక. అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబపు వధువు, తన పెండ్లిని హోటల్ హాలులో కాక, బడిపిల్లల వేసవి శిబిరాన్ని అద్దెకు తీసుకొని, ఆరుబయట, చేతితో చేసిన అలంకారాలతో, హడావుడి లేకుండా జరుపుకోవాలని నిశ్చయించి, బంధుమిత్రులకు పంపిన శుభలేఖపై అచ్చయిన పద్యమిది. ఇందులో ముహూర్తం గాని, గోత్రం గాని లేక దుప్పటి ప్రసక్తి మాత్రం ఉండటం వల్ల, దీనిని శుభలేఖ అనాలా, ప్రయాణపు సామాను జాబితా అనాలా అని పెద్దలలో భేదాభిప్రాయం కలిగింది. పద్యం సులభంగా ఉన్నది కనుక వ్యాఖ్య అనవసరమని మరికొందరు అన్నారు గాని, ఇందులోని ప్రతి సులభమైన మాట వెనుక ఎవరో రాత్రి మేలుకొని చేసిన పని ఉన్నది. పద్యం ఆ పనివారిని ఒక్కరినీ పేర్కొనదు. క్రియలున్నాయి, కర్తలు లేరు. ఆ కర్తలను వెదకి పట్టడమే ఈ టీక ప్రయోజనం.

వేసవి శిబిరం అనగా, బడి సెలవులలో పిల్లలు తల్లిదండ్రులను విడిచి, అడవి నడుమ సరస్సు ఒడ్డున కొన్ని వారాలు మకాం ఉండి, ఈత, పడవ నడపడం, చేతిపనులు నేర్చుకొనే వసతి. ‘సమ్మర్ క్యాంపు’ అనగానే తెలుగునాట అపార్ట్‌మెంటు సెల్లారులో రెండు గంటలు సాగే బొమ్మల తరగతి స్ఫురిస్తుంది కనుక ఈ వివరణ అవసరమైంది. కనెక్టికట్ రాష్ట్రంలో బడి నడిపిన ఫ్రెడరిక్ విలియం గన్ 1861లో తన విద్యార్థులను సముద్ర తీరాన బస చేయించడంతో ఈ సంప్రదాయం మొదలైందని సాధారణంగా చెబుతారు. 1881లో ఎర్నెస్ట్ బాల్చ్ న్యూహాంప్‌షైర్‌లోని స్క్వామ్ సరస్సు ద్వీపంలో స్థాపించిన చొకోరువా శిబిరం, కలవారి పిల్లలు వేసవి హోటళ్లలో సోమరులై పోతున్నారన్న బెంగతో పుట్టింది. అక్కడ నౌకర్లు లేరు; వంట, అంట్లు, పడవల మరమ్మతు అన్నీ పిల్లలే చేసుకున్నారు. రెండవ పాదాన్ని వ్యాఖ్యానించేటప్పుడు ఈ సంగతి అక్కరకు వస్తుంది.

ప్రతిపదార్థం

కొలను గట్టు మీద = సరస్సు ఒడ్డున; గుడిసెలలో = కొయ్య గదులలో; పెండ్లి = వివాహం; చేతి పనులె = స్వయంగా చేసిన వస్తువులే; మనకు = మీకును మాకును; సిరులు గాగ = సంపదలు కాగా; దుప్పటి ఒకటి = ఒక కప్పుకొనే వస్త్రం; చాలు = సరిపోతుంది; తోడుగా = వెంట; మీరలు = మీరు; వచ్చి = విచ్చేసి; ఇచట = ఈ శిబిరంలో; వలయు నాళ్లు = కావలసినన్ని రోజులు; ఉండుఁడు = నివసించండి.

తాత్పర్యం

సరస్సు ఒడ్డున గదులలో మా పెండ్లి జరుగుతుంది. చేతితో చేసినవే మన వైభవం. ఒక దుప్పటి వెంట తెచ్చుకొని, ఇష్టమైనన్నాళ్లు ఉండండి. కవి హృదయం ఇంత తేలికైనది కాదని క్రింది విశేషాంశాల వల్ల తెలుస్తుంది.

విశేషాంశాలు

శిబిర వివాహ పద్యంలో ‘వేసవి’ అనే మాట ఎక్కడా లేకపోవడం మొదట గమనించదగినది. ఇది కవి మరపు కాదు, లోకజ్ఞత. జూన్ చివరి నుండి ఆగస్టు నడిమి వరకు శిబిరం నిండా పిల్లలుంటారు కనుక, వేసవి శిబిరం పెండ్లికి దొరికేది నడి వేసవి కాని రోజులలోనే. అంటే పిల్లలు రాకముందు మే, జూన్ మొదటి భాగం. వెళ్లిన తరువాత ఆగస్టు చివర, సెప్టెంబరు, అక్టోబరు మొదటి భాగం. ఈ లెక్కను తెలుగు పంచాంగం పక్కన పెట్టి చూస్తే వధువు తండ్రి పడిన అవస్థ అర్థమవుతుంది. జ్యేష్ఠ మాసంలో ముహూర్తాలున్నాయి గాని, ఉత్తరాన సరిగ్గా అప్పుడే నల్ల ఈగలు లేస్తాయి. ఇవి పారే నీటిలో పుట్టి, చెవుల వెనుకా మెడ మీదా కరచి నెత్తురు తాగే చిన్న కీటకాలు, మంగళసూత్రధారణ సమయంలో వధువు కదలకుండా కూర్చున్నదని దయ తలచవు. ఆషాఢంలో పెండ్లిళ్లు లేవు, శిబిరమూ ఖాళీ లేదు. శాస్త్రమూ శిబిర యజమానీ ఏకీభవించిన మాసం ఇదొక్కటే. శ్రావణంలో ముహూర్తాలు మెండు గాని పిల్లలు ఇంకా ఉంటారు. భాద్రపదంలో శిబిరం ఖాళీ, ఆకాశం నిర్మలం, ఈగలు లేవు, దోమలు తగ్గాయి, ముహూర్తమూ లేదు. పైగా ఆ మాసపు కృష్ణపక్షం పితృదేవతలది. ఆశ్వయుజానికి జరిగితే చెట్లు ఎర్రబారి ఛాయాచిత్రాలకు శోభ కలుగుతుంది గాని, ఈ గదులలో చాలావాటికి వేడి చేసే సదుపాయం ఉండదు, గడ్డకట్టి పగులుతాయన్న భయంతో నీటి గొట్టాలనూ త్వరలోనే ఖాళీ చేస్తారు. కాబట్టి శ్రావణం ఆలస్యంగా వచ్చిన ఏట ఆగస్టు చివరి వారాంతం ఒక్కటే ఉభయతారకం. ఆ వారాంతం కోసం శిబిరాన్ని ఏడాది ముందే మాట్లాడుకోవాలి. తీరికైన పెండ్లికి తొలి లక్షణం ఈ తొందర.

‘గుడిసెలలో’ అన్నచోట కవి వినయం కనబడుతుంది. ఇవి పలకలతో కట్టిన గదులు. ఒక్కొక్క గదిలో ఒకదానిపై ఒకటి అమర్చిన ఇరుకు మంచాలు ఎనిమిదో పదో ఉంటాయి. పరుపులకు పిల్లల సంగతి తెలిసినవారు వేయించిన ప్లాస్టిక్ తొడుగు, కదిలినప్పుడల్లా చప్పుడు. దూలాల మీద వెనుకటి వేసవుల పిల్లలు రంగుతో రాసిపోయిన పేర్లు, సంవత్సరాలు. స్నానాల గది వేరే కట్టడం; అర్ధరాత్రి అక్కడికి టార్చిలైటుతో నడవాలి. మన పెండ్లిళ్లలో దీనికి సమానమైనది విడిది, అనగా మగపెండ్లివారికి ఇచ్చే బస. అందులో లోటు జరిగితే అలకలు ఏ స్థాయికి పోతాయో తెలియనివారు లేరు. కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దలెందరో, క్రింది మంచాలెన్నో లెక్కించి, వియ్యంకులవారిని నిచ్చెన ఎక్కించకుండా ఏ గదిలో ఎవరో పట్టిక వేయడం ఈ వివాహంలో అన్నిటికంటె కఠినమైన పని. ఆ పట్టిక వేసిన మేనత్త పేరు శుభలేఖలో లేదు.

‘కొలను గట్టు’ అనే మాటలో ఒక నిబంధన దాగి ఉన్నది. రక్షకుడు, అనగా ఈతలో ఆరితేరి మునిగేవారిని కాపాడేందుకు నియమితుడైన వ్యక్తి, గట్టు మీద లేకుండా సాధారణంగా ఏ శిబిరమూ అతిథులను నీటిలోకి దిగనివ్వదు. కొలను ఉచితం, రక్షకుడు గంటల లెక్క.

ఇక రెండవ పాదం. ‘మనకు’ అనే సర్వనామం వద్ద టీకాకారుడు ఆగక తప్పదు. ‘చేతి పనులె మాకు’ అని ఉన్నా ఛందస్సుకు లోపం లేదు, ఎందుకంటే మూడవ గణం సూర్యగణం కనుక మూడు లఘువుల ‘మనకు’ ఎంత సరిపోతుందో, గురులఘువుల ‘మాకు’ అంతే సరిపోతుంది. అయినా కవి ‘మనకు’ అన్నాడంటే, చేతిపనిలో ఆహ్వానితులను కూడా కలుపుకొన్నాడన్నమాట. పిలుపు అందుకున్న స్నేహితురాళ్లు తాము అతిథులమనుకొని సంతోషించారు. వ్యాకరణం తెలిసిన ఒక్కతె మాత్రం కత్తెర వెంట తీసుకొని వెళ్లింది.

ఆ పనులేవంటే: గుడ్డను త్రికోణాలుగా కత్తిరించి నాడాకు కుట్టి చెట్ల నడుమ కట్టే తోరణాలు, అతిథుల ముంజేతికి బుటా దారాలతో అల్లే స్నేహకంకణాలు, మర సీసాల్లో దీపాలు (1858లో జాన్ ల్యాండిస్ మేసన్ మరమూతకు పేటెంటు పొందిన నాటి నుండి అమెరికా ఇల్లాళ్లు పండ్లు, ఊరగాయలు నిలవ చేసుకొనే సీసాలివి), ముడివేసి రంగులద్దిన చేతిరుమాళ్లు. ఈ చివరిదాని విధానం చూస్తే చాలు. నూలు గుడ్డను ముందు సోడా కలిపిన నీటిలో నానబెట్టాలి, లేకుంటే రంగు నిలవదు. పిండి, నడిమి భాగాన్ని పట్టి మెలిపెట్టి, రబ్బరు బ్యాండ్లతో నాలుగైదు చోట్ల బిగించి, మడతల లోపలికి దిగేలా రంగు పోసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక రాత్రి పైగా ఉంచాలి. మరునాడు రంగు దిగడం ఆగేవరకు చన్నీళ్లలో జాడించి, బ్యాండ్లు విప్పి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. ఇది ఒక రుమాలు కథ. అతిథులు నూరుమంది. కంకణం ఒక్కటి గంట తినేస్తుంది కనుక ఆ లెక్క ఇక్కడ వేయకపోవడమే మర్యాద.

పూర్వపక్షం అనగా ప్రతివాది వాదన: ఇంత శ్రమ ఎందుకు, చేతితో చేసినవి అమ్మే ఎట్సీ వంటి అంగడి 2005 నుండి ఉన్నదే, కొంటే సరిపోదా? సిద్ధాంతం, అనగా నిర్ణయం: కొన్నా అది చేతిపనే, కాని ఎవరి చేతి పని అన్న ప్రశ్నకు జవాబు మారుతుంది. బాల్చ్ తన ద్వీపంలో పిల్లల చేత అంట్లు తోమించినది గిన్నెల శుభ్రత కోసం కాదు. పెండ్లికి నెల ముందు ఎనిమిది మంది ఒక గ్యారేజీలో చేరి, వేళ్లు నీలమై, రుమాళ్ల పేరిట ఒకరి బతుకు ఒకరికి చెప్పుకున్న ఆ రాత్రి అంగట్లో దొరకదు. అయితే పనిచేయగల చేతులు ఎన్నో చూసుకొని పనులు ఎంచుకోవాలని, నాలుగు రకాలలో రెండు వదిలేసినా అతిథులెవరూ గుర్తించరని, ప్రతి పనికి ఒక్కరినే బాధ్యులుగా పెట్టాలని ఇక్కడ చేర్చుకోవాలి. ‘అందరం కలిసి చేద్దాం’ అన్న తోరణాలు పెండ్లినాటి తెల్లవారుజామున వధువు తల్లి ఒక్కతే కుట్టడం పరిపాటి.

‘దుప్పటొకటి చాలు’ అన్నది ఉపలక్షణం. ఉపలక్షణం అనగా ఒకదానిని చెప్పి, దానితోపాటు తత్సమానమైన వాటిని కూడా సూచించడం. కాకుల నుండి పెరుగు కాపాడమంటే పిల్లికి పెట్టమని కాదని తార్కికులు చూపే ఉదాహరణ ప్రసిద్ధం. అట్లే దుప్పటి అన్నచోట టార్చిలైటు, వానకోటు, దోమల మందు, ముందు మూసి ఉన్న చెప్పులు, గడ్డిలో తిరిగేవారికి పాదాల దాకా బట్టలు గ్రహించాలి. చివరిది పిడుదుల కోసం. ఇవి వ్యాపింపజేసే లైమ్ జబ్బుకు ఆ పేరు వచ్చినది గన్‌గారి కనెక్టికట్‌లోని ఊరి నుండే. మరొక హెచ్చరిక తెలుగు పెద్దలకు ప్రత్యేకం. అక్కడి అడవుల అంచున మూడేసి ఆకుల గుత్తులతో ఒక తీగ విరివిగా పెరుగుతుంది. దాని పేరు పాయిజన్ ఐవీ. దాని ఆకుల చమురు తగిలితే ఒళ్లు పొక్కి వారాల తరబడి దురద పెడుతుంది. త్రిదళాన్ని చూసి మారేడుగా భావించి పూజకు కోయబోయే భక్తులను ఆపడానికి ఒక మనిషిని నియమించాలి.

‘తోడుగా’ అన్నచోట అన్వయ క్లేశం ఉన్నది. తమకు తోడుగా మరొకరిని తెచ్చుకోవచ్చునని కొందరు అర్థం చేసుకొని అట్లే జవాబు రాశారు. మంచాల సంఖ్య మార్చరానిది కనుక, తోడు అనగా దుప్పటియే గాని మనిషి కాదని టీకాకారుల ఏకగ్రీవ నిర్ణయం.

పద్యంలో చెప్పని విషయం, అగ్ని. శిబిరం మధ్య రాళ్లు పేర్చిన నెగడు చుట్టూ వలయంగా బల్లలు ఉంటాయి. హోమానికి ఇంతకంటె అనువైన చోటు కట్టించినా దొరకదు. అదే నిప్పు మీద రాత్రి పిల్లలు స్మోర్ చేసుకోవచ్చునా అన్నది విచారణీయం. స్మోర్ అనగా కాల్చిన మార్ష్‌మెలోను చాక్లెట్టుతో కలిపి రెండు బిస్కెట్ల నడుమ నొక్కి తినే పదార్థం. 1927 నాటి గర్ల్ స్కౌట్ల పుస్తకంలోనే దీని తయారీ ఉన్నది. మార్ష్‌మెలోలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల తోలు, ఎముకల నుండి తీసినది. అగ్నిసాక్షిగా సప్తపది తొక్కిన చోట దానిని కాల్చడం పురోహితునికి సమ్మతం కాదు. కాబట్టి నిప్పులు రెండు, మార్ష్‌మెలోలు రెండు రకాలు, శాకాహారపు సంచికి పచ్చ దారం కట్టాలి. కాల్చే పుల్లలు కూడా రెండు జట్లు ఉండాలన్న మామ్మగారి మాట న్యాయమైనది.

వాన గురించి వ్యాఖ్య అక్కరలేదు. డేరా ముందే మాట్లాడి ఉంచాలి. వాన పడకపోతే ఆ డబ్బు దండగ, పడితే అదే పందిరి.

‘వలయు నాళ్లు’: ఎవరికి వలయు? అతిథికి అని లోకం అనుకుంటుంది. శిబిరంతో చేసుకున్న ఒప్పందంలో శుక్రవారం మధ్యాహ్నం ప్రవేశం, ఆదివారం ఉదయం నిష్క్రమణ అని ఉన్నందువల్ల, వలయునది యజమానికే అని చెప్పాలి. ఆదివారం ఉదయమే తోరణాలు విప్పి, సీసాలు పెట్టెల కెత్తి, మంచాల క్రింద మరచిన సెల్‌ఫోన్ చార్జర్లు ఏరే పని కూడా ‘మనకు’ అన్న సర్వనామంలోనే చేరుతుంది.

పాఠాంతరం: వాట్సాప్‌లో ప్రచారమైన ప్రతిలో నాలుగవ పాదం ‘వచ్చి యుండుఁ డిచట రెండు నాళ్లు’ అని కనబడుతున్నది. గణాలు సరిపోతున్నా వకారానికి రేఫతో యతి కుదరదు కనుక ఇది కవి పాఠం కాదని, ఖర్చు లెక్కలు చూసే వధువు తండ్రి చేసిన సవరణ అని తెలుస్తున్నది. పండితులు దీనిని తిరస్కరించారు. అద్దె రసీదు మాత్రం ఈ పాఠాన్నే అనుసరించింది.