నా గడియారం సరిచేయండి: ఒక ట్రాఫిక్ సిగ్నల్ ఆత్మకథ

నేను ట్రాఫిక్ సిగ్నల్‌ని. కూడలిలో నన్ను చూసి "అబ్బా, రెడ్ పడింది" అని విసుక్కోని మనిషి ఉండడు. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఆ విసుగు కాస్తా నిందగా మారుతుంది. బండి మైలేజీ పడిపోయిందంటే ముందు నా వైపే వేలు చూపిస్తారు. నా దగ్గర ఇంధనం వృథా అవుతున్న మాట నిజం, దాన్ని కాదనను. కానీ ఆ వృథాకు మూలం నాకు పెట్టిన టైమింగులోనూ, మీరు నా దగ్గరికి వచ్చే వేగంలోనూ ఉంది. ఆ రెండూ ఒకదానితో ఒకటి కుదిరిన రోడ్డు మీద నేను పెట్రోలు మిగిల్చే దీపాన్ని. కుదరని రోడ్డు మీద తగలబెట్టే దీపాన్ని. ఈ మాట లెక్కతో సహా చెప్పడానికే నా కథ మొదలుపెడుతున్నాను.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర, జె.పి. నైట్ అనే రైల్వే ఇంజనీరు ఆలోచనతో గ్యాస్ దీపంగా మొదటిసారి నిలబడ్డాను. మరుసటి నెలలోనే గ్యాస్ పేలి, నన్ను నడిపే పోలీసు గాయపడ్డాడు. మళ్లీ కరెంటు దీపంగా 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వెలిగాను. 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి నాకు నాలుగు వైపులా మూడేసి రంగులు అమర్చాడు. అయితే నేను గర్వంగా చెప్పుకునేది 1917 గురించి. ఆ ఏడాది సాల్ట్ లేక్ సిటీలో ఆరు కూడళ్ల సిగ్నళ్లను కలిపి ఒకే చోటి నుంచి నడిపారు. ఒక సిగ్నల్‌కు పక్క సిగ్నల్‌తో పొత్తు కుదిరింది అప్పుడే. ఢీకొనకుండా కాపాడడం నాకు పుట్టుకతో వచ్చిన పని. బండిని ఆగకుండా సాగనంపడం ఆ పొత్తుతో నేర్చుకున్న విద్య.

ఆ విద్య విలువ తెలియాలంటే బండి ఆగితే ఏం పోతుందో చూడాలి. పెట్రోలు రెండు దారుల్లో పోతుంది. మొదటిది అందరికీ కనిపించేదే. బండి ఆగి ఉన్నా ఇంజన్ తిరుగుతూ ఉంటుంది. చిన్న పెట్రోలు కారు అలా గంటకు అర లీటరుకు పైనే తాగుతుంది, అంటే నిమిషానికి సుమారు 10 మిల్లీలీటర్లు. రెండో దారి కంటికి కనిపించదు, అది బ్రేకు కింద పోయేది. టన్ను బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే దాదాపు 139 కిలోజౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 33 మెగాజౌళ్లు ఉన్నా, ఇంజన్ చక్రాలకు అందించేది నాలుగో వంతు అటూ ఇటూగానే. ఆ లెక్కన ఒక్కసారి 60కి చేరడానికి 17 మిల్లీలీటర్లు ఖర్చు. మీరు బ్రేకు నొక్కగానే ఆ కష్టమంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. అదే కారు 40 వేగంతో వచ్చి ఆగితే పోయేది 8 మిల్లీలీటర్లలోపే. వేగం ఒకటిన్నర రెట్లయితే నష్టం రెండుంబావు రెట్లవుతుంది. ఒక గంటలో వెయ్యి కార్లు 60 మీద వచ్చి నా దగ్గర ఆగి నిమిషంపాటు నిలబడ్డాయనుకోండి, ఒక్క కూడలిలోనే పాతిక లీటర్లకు పైగా ఆవిరైపోతుంది. ఆ పెట్రోలుతో ఎవరూ ఒక్క అడుగు కూడా ముందుకు పోరు.

"అందుకేగా, గ్రీన్ ఉండగానే దాటేద్దామని తొక్కుతాం" అంటారు కొందరు. వారికి జవాబు నా టైమింగులోనే ఉంది. రెండు సిగ్నళ్ల మధ్య అర కిలోమీటరు దూరం ఉందనుకోండి. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో ఆ దూరం దాటడానికి సరిగ్గా 40 సెకన్లు. ఇక్కడ గ్రీన్ పడిన 40 సెకన్లకు అక్కడ గ్రీన్ పడేలా పెడితే, 45 మీద వచ్చే బండికి దారి పొడుగునా పచ్చదీపమే ఎదురొస్తుంది. దీన్నే ఇంజనీర్లు గ్రీన్ వేవ్ అంటారు. అదే రోడ్డు మీద 60తో దూసుకొచ్చిన బండి 30 సెకన్లకే వచ్చి నా ఎర్ర దీపం ముందు ఆగుతుంది, పది సెకన్లు నిలబడుతుంది, మళ్లీ మొదటి గేరు నుంచి ఎత్తుకుంటుంది. ప్రతి కూడలిలో ఇదే జరుగుతుంది కాబట్టి ఇద్దరూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే సమయానికి. ఒకరు ప్రతి సిగ్నల్ దగ్గరా 17 మిల్లీలీటర్లు సమర్పించుకుంటారు, మరొకరికి ఆ ఖర్చే ఉండదు. ఏదో ఒక గ్రీన్ తొక్కి పట్టుకోవచ్చు, వరసను మాత్రం ఎవరూ తొక్కి గెలవలేరు.

నా బాధ ఇక్కడే మొదలవుతుంది. ఈ వరస దానంతట అది కుదరదు, ఎవరో కూర్చుని లెక్క వేయాలి. ఒక గ్రీన్ నుంచి మళ్లీ గ్రీన్ వచ్చేదాకా పట్టే సైకిల్ టైమ్ ఎంత ఉండాలో 1958లోనే ఎఫ్.వి. వెబ్‌స్టర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు సూత్రం చెప్పాడు. అది మరీ చిన్నదైతే రంగు మారే ప్రతిసారీ కొన్ని సెకన్లు ఎవరికీ అక్కరకు రాకుండా పోతాయి. మరీ పెద్దదైతే ఖాళీ రోడ్డుకు గ్రీన్ వెలుగుతుంటే నిండు రోడ్డు ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని ఎదురుచూస్తుంది. ట్రాఫిక్ తీరు మారుతుంది కాబట్టి మూడు నుంచి ఐదేళ్లకోసారైనా టైమింగు సరిచూడాలని ఇంజనీర్లే అంటారు. కానీ చాలా ఊళ్లలో నన్ను నిలబెట్టిన రోజు పెట్టిన అంకెలే ఇప్పటికీ నడుస్తుంటాయి. పక్కన కొత్త కాలనీ లేస్తుంది, బడి వస్తుంది, రోడ్డు సగం తవ్వేస్తారు, నా అంకె మాత్రం మారదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎర్రగా వెలగమంటే వెలుగుతాను, వెనక వంద బండ్లు ఆగి ఉన్నా గ్రీన్ ఆపేయమంటే ఆపేస్తాను. నా అద్దం మీద దుమ్ము పేరుకుంటుంది, చెట్టు కొమ్మ అడ్డొస్తుంది, ఫ్లెక్సీ కట్టి నా ముఖాన్ని మూసేస్తారు. ఒక రంగు మాడిపోతే పసుపు బ్లింకర్‌లో పెట్టి వదిలేస్తారు. ఎప్పుడో ఒకనాడు ఫ్లైఓవర్ పనులు మొదలైతే స్తంభంతో సహా పెరికి తుక్కులో పడేస్తారు. నిలబడ్డన్నాళ్లూ నన్ను ఎవరూ లెక్క అడగరు, పడేశాక మాత్రం నష్టమంతా నా ఖాతాలో రాస్తారు.

"నెమ్మదిగా పోతే సరిపోతుందిగా" అనే వారికీ ఒక మాట. మరీ నెమ్మది కూడా నష్టమే. 15 కిలోమీటర్ల వేగంతో చిన్న గేరులో పాకే బండి కిలోమీటరుకు ఎక్కువ తాగుతుంది. హైవే మీద సంగతి వేరు. అక్కడ శత్రువు గాలి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 80 దాటాక మైలేజీ వేగంగా పడిపోతుంది. చమురు సంక్షోభం తర్వాత 1974లో అమెరికా దేశమంతటా గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టింది అందుకే. ఊళ్లో శత్రువు బ్రేకు. అక్కడ ఎంత వేగంతో పోయారన్న దానికన్నా, అందుకున్న వేగాన్ని ఎన్నిసార్లు పారేశారన్నదే ముఖ్యం. మన దేశంలో పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్‌ఏ ఏళ్లుగా చెబుతున్న 45 నుంచి 55 కిలోమీటర్ల నిలకడ వేగం రెండు చోట్లా సరిపోయే సలహా.

"ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి, ఇక నీ గోల ఎందుకు" అని అడుగుతారు. అవి నిలబడ్డప్పుడు ఇంజన్ తిరగదు, బ్రేకులో పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరుతుంది. కొంతే, మొత్తం కాదు. పైగా ఇవాళ నా ముందు నిలబడే బండ్లలో ఎక్కువ భాగం పెట్రోలు, డీజిలు బండ్లే. "అసలు సిగ్నళ్లే తీసేస్తే" అనే వాదనలోనూ కొంత నిజం ఉంది. అమెరికాలోని కార్మెల్ పట్టణం సిగ్నళ్లను చాలావరకు తీసి రౌండబౌట్లు కట్టుకుంది. రద్దీ తక్కువున్న చోట అది మంచి పద్ధతే, ఆ చోటు వదులుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ హైదరాబాద్ లాంటి నగరంలో కూడలి మూసి యూటర్న్ పెడితే, బండి అదనంగా పోయి రావలసిన దూరానికీ పెట్రోలే కావాలి. రోడ్డు దాటే ముసలివారికి, బడిపిల్లలకు ఆగి ఉన్న ట్రాఫిక్ ఎక్కడ దొరుకుతుంది? అదే హైదరాబాద్‌లోనూ, బెంగళూరు, కోల్‌కతాల్లోనూ గూగుల్ వారి గ్రీన్ లైట్ ప్రాజెక్టు ఉన్న సిగ్నళ్లకే టైమింగు సవరణలు సూచిస్తోంది. కూడళ్ల దగ్గర బండ్లు ఆగడం 30 శాతం దాకా తగ్గవచ్చన్నది దాని తొలి అంచనా. స్తంభం పెరకకుండా, సిమెంటు పోయకుండా, అంకెలు మార్చితే వచ్చే లాభం అది.

కాబట్టి ఇద్దరికి నా విన్నపం. నన్ను నిలబెట్టిన అధికారులారా, ఏటా నా బల్బులు చూసినట్టే నా టైమింగునూ చూడండి, పక్క సిగ్నల్‌తో నన్ను కలపండి. బండి నడిపే వారలారా, దూరం నుంచి ఎరుపు కనిపించగానే యాక్సిలరేటర్ మీద కాలు తీయండి, పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపేయండి, గ్రీన్ పడ్డాక నిలకడగా సాగండి. నా గడియారమూ మీ కాలూ ఒక మాట మీద ఉంటే, ఈ దేశం డబ్బు పోసి కొనుక్కునే చమురు నా కాళ్ల దగ్గర కాలి బూడిదవ్వాల్సిన అవసరం లేదు.