నేనుండగా నీకు దారికి లోటా బావా?

మన ఊళ్లలో దారి ఇచ్చినంత సులువైన దానం మరొకటి లేదు. స్టాంపు కాగితం అక్కర్లేదు, దస్తావేజు లేఖరి అక్కర్లేదు. తారురోడ్డు పక్క పొలమున్న ఆసామి గట్టు మీద నిలబడి, లోపలి పొలం రైతుతో "నేనుండగా నీకు దారికి లోటా బావా?" అంటే చాలు. ఆ మాటతో దాతకి పుణ్యం, బావకి బండిబాట.

ఈ దానంలో మెలిక అంతా "నేనుండగా" అన్న చోటే ఉంది. పొలం బేరానికి పెట్టిన రోజు నుంచి ఆయన అక్కడ ఉండడు మరి.

బేరం దగ్గర మాత్రం ఆయన జ్ఞాపకశక్తికి చెయ్యెత్తి మొక్కాలి. బోరు, మోటారు, స్టార్టరు డబ్బా, గట్టు మీది టేకు చెట్లు, కోతకొచ్చిన పైరు... ఒక్కటీ మరవకుండా రేటు కడతాడు. మరిచిపోయేది బావ దారి ఒక్కటే. 12 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు వేసుకున్నా ఆ దారి అయిదున్నర సెంట్లు. "మధ్యలో పక్కవాళ్లకి దారుందండీ" అంటే కొనేవాడు ఎకరం రేటు తగ్గిస్తాడేమోనని ఆ అయిదున్నర సెంట్ల నిజాన్ని మధ్యవర్తితో సహా అందరూ మింగేస్తారు.

ఇక దస్తావేజు. లేఖరి కంప్యూటర్లో పాత దస్తావేజు తెరిచి పేర్లు, హద్దులు, సొమ్ము మారుస్తాడు. "సకల ఈజ్‌మెంటు హక్కులతో సహా" అన్న ముక్క మాత్రం తాతల నాటి నుంచి ఉన్నచోటే ఉంటుంది. చదివి వినిపిస్తుంటే బావ తృప్తిగా తలూపుతాడు, తన దారి గురించే అనుకుని. ఆ ముక్క పొలంతో పాటు దానికున్న హక్కుల్ని కొనేవాడికి కట్టబెడుతుందే గానీ, ఆ పొలం మీద బావకి ఏ హక్కూ రాసివ్వదు. అది తెలియక, ఆసామి అడిగాడు కదా అని సాక్షి సంతకం కూడా పెట్టి వస్తాడు. తన దారి మూసే కాగితానికి తానే సాక్షి!

నెల తిరక్కుండా రాతి కడీలు దిగుతాయి, ఇనప వల బిగుస్తుంది, గేటుకి తాళం పడుతుంది. పట్నం నుంచి వచ్చిన కొత్త ఆసామి మర్యాదగానే అంటాడు: "దస్తావేజులో దారి లేదుగా అండీ." పాత ఆసామికి ఫోను చేస్తే, "నేను వాళ్లకి నోటితో చెప్పానే" అంటాడు. అవును, ఆయన దానధర్మాలన్నీ నోటితోనే.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఈ నోటి దానాన్ని ఎలా చూస్తుందో వింటే బావకి నిద్ర పట్టదు. అడ్డు లేకుండా, గొడవ లేకుండా, హక్కుగా 20 ఏళ్లు నడిచినవాడికి 15వ సెక్షన్ దారి హక్కు ఇస్తుంది. బావ తండ్రి కాలం నుంచీ నడుస్తున్నాడు, నిజమే. కానీ నడిచింది "నేనుండగా" అన్న మాట మీద, అంటే అనుమతి మీద. అనుమతితో నడిచినవాడు నలభై ఏళ్లు నడిచినా అది హక్కు కాదు. పైగా అనుమతి ఇచ్చినవాడు భూమి అమ్మేస్తే, కొన్నవాడు దానికి కట్టుబడనక్కర్లేదని 59వ సెక్షన్. అడగకుండా దర్జాగా నడిచినవాడికి కోర్టులో ఆశ ఉంది. మర్యాదగా అడిగి నడిచినవాడికి ఆ ఆశా లేదు. వేరే దారే లేకపోతే అవసరం కింద అడగొచ్చు కదా అంటారా? దానికి ఆ రెండు పొలాలూ ఒకప్పుడు ఒకే ఆసామివై, అమ్మకంలోనో పంపకంలోనో విడిపోయి ఉండాలి. అప్పుడైనా వాగు చుట్టూ తిరిగొచ్చే డొంక ఒకటుంటే చాలు, "చుట్టయినా దారే కదా" అంటారు.

ఇంతకీ రాసివ్వడానికి ఆసామికి భయమెందుకు? దారి రాస్తే భూమి పోతుందట! పోదు. పట్టా ఆయన పేరనే ఉంటుంది. పక్కవాడికి దక్కేది నడిచే హక్కే. సర్వే నంబరు, వెడల్పు, పొడవు, ఏ హద్దు వెంట, ట్రాక్టరు పోవచ్చా, పైపు వేసుకోవచ్చా, మరమ్మతు ఎవరిది అన్నవి రాసి, స్కెచ్ జోడించి రిజిస్టరు చేయిస్తే చాలు. కొనేవాడి దస్తావేజులోనూ ఆ సంగతి ఎక్కిస్తే, రేపు "నాకు తెలీదు" అనే నోరు ఎవరికీ ఉండదు. అయితే ఇదంతా అమ్మకానికి ముందే జరగాలి. అమ్మిన మర్నాడు రాసిచ్చే దారి పరాయి సొత్తు మీద చేసే దానం.

కాబట్టి ఆసాములూ, మీకు నిజంగా దారి ఇచ్చే మనసే ఉంటే బయానా పుచ్చుకోక ముందే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లండి. బావలూ, సాక్షి సంతకానికి పిలిస్తే ముందు దస్తావేజు చదవండి. మీ దారి అందులో లేకపోతే పెన్ను ముట్టకండి.